కీస్టోర్ పోయింది, యాప్‌ను అప్‌డేట్ చేయగలనా? సైనింగ్ కీలను ఎలా దాచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పాడైంది. ప్లే స్టోర్‌లో ఉన్న మీ రెండు యాప్‌లకూ వాడే ఒకే ఒక్క కీస్టోర్ ఫైల్ (యాప్ మీద సంతకం పెట్టే సైనింగ్ కీ ఉండే ఫైల్) అందులోనే ఉంది. కోడ్ గిట్‌లో (కోడ్‌ను పాత మార్పులతో సహా దాచే వ్యవస్థ) ఉంది కాబట్టి అది భద్రం. మొదటి యాప్ 2016లో పెట్టారు, రెండోది పోయినేడాది. ఇప్పుడు అప్‌డేట్ ఇవ్వగలనా, ఇక ముందు ఈ కీలను ఎక్కడ ఎలా దాచుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండో యాప్ గురించి టెన్షన్ పడకండి, దానికి దారి ఉంది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్తగా పెట్టే ప్రతి యాప్ బండిల్ (ప్లే స్టోర్‌కు పంపే యాప్ ప్యాకేజీ) రూపంలోనే ఉండాలి, బండిల్ అంటే ప్లే యాప్ సైనింగ్ (చివరి సంతకం గూగులే తన దగ్గరున్న కీతో పెట్టే పద్ధతి) తప్పనిసరి. అంటే అసలు కీ గూగుల్ దగ్గర ఉంది. మీరు పోగొట్టుకున్నది అప్‌లోడ్ కీ (యాప్‌ను గూగుల్‌కు పంపేటప్పుడు మీరు సంతకం పెట్టే కీ) మాత్రమే, దాన్ని మార్పించుకోవచ్చు. మొదటి యాప్ సంగతి మాత్రం మీరు మధ్యలో ఎప్పుడైనా ప్లే యాప్ సైనింగ్‌లో చేరారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. చేరి ఉంటే దానికీ ఇదే దారి. చేరకపోతే ఆ కీ దొరికి తీరాలి. దొరక్కపోతే అదే ప్యాకేజీ పేరుతో (స్టోర్, ఫోన్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) ఆ యాప్‌కు ఇంకెప్పటికీ అప్‌డేట్ ఇవ్వలేరు.

చేరారో లేదో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు తమ యాప్‌లను చూసుకునే గూగుల్ సైట్) ఆ యాప్ తెరిచి, యాప్ సైనింగ్ పేజీకి వెళ్లండి. మెనూ పేర్లు తరచూ మారుతుంటాయి కాబట్టి కన్సోల్‌లోనే పైన ఉన్న వెతుకు పెట్టెలో 'యాప్ సైనింగ్' అని కొట్టడం తేలిక. అక్కడ 'యాప్ సైనింగ్ కీ సర్టిఫికెట్', 'అప్‌లోడ్ కీ సర్టిఫికెట్' అని రెండు భాగాలు కనిపిస్తే మీరు చేరినట్టే.

అప్‌లోడ్ కీ మార్చడం ఇలా. ముందు కొత్త కీస్టోర్ తయారు చేసుకోండి. దాని నుంచి సర్టిఫికెట్‌ను (బయటికి చూపించినా ఫర్వాలేని భాగం) మాత్రం కీటూల్‌తో (జావాతో వచ్చే కమాండ్) పెమ్ ఫైల్‌గా బయటికి తీయండి. తర్వాత అకౌంట్ ఓనర్ లాగిన్‌తో అదే పేజీలో 'అప్‌లోడ్ కీ రీసెట్' కోరి, కారణం ఎంచుకుని, ఆ పెమ్ ఫైల్ పెట్టండి. కొత్త కీ ఎప్పటి నుంచి పనిచేస్తుందో మెయిల్‌లో చెప్తారు, సుమారు రెండు రోజులు పడుతుంది. ఆలోగా అప్‌లోడ్ చేసి చూసి, తిరస్కరిస్తే కంగారుపడి మళ్లీ ఇంకో కీ తయారు చేయకండి. ఇంకో మాట: పంపాల్సింది పెమ్ ఫైల్ మాత్రమే. కీస్టోర్ ఫైల్‌ను ఎవరు అడిగినా, సపోర్ట్ వాళ్లమని చెప్పినా సరే, పంపకండి.

ఇంత పట్టుదల ఎందుకు, గూగుల్‌కు ఫోన్ చేసి "నేనే ఓనర్‌ని" అంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. వెబ్‌సైట్ సర్టిఫికెట్ పోతే రేపు ఇంకోటి తెచ్చుకుంటాం, ఎందుకంటే దానికి పూచీ ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ యాప్ కీకి అలాంటి పూచీదారు ఎవరూ లేరు. మన సర్టిఫికెట్ మీద మనమే సంతకం పెట్టుకుంటాం. ఫోన్‌కు మీరెవరో తెలియదు, మీ కంపెనీ ఏదో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: ఈ ప్యాకేజీ పేరుతో ముందు ఇన్‌స్టాల్ అయిన యాప్ మీద ఏ సంతకం ఉందో, కొత్తగా వచ్చిన దాని మీద కూడా అదే ఉందా? ఉంటే లోపలికి రానిస్తుంది, లేకపోతే 'అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్' అని వెనక్కి పంపేస్తుంది. ఆ పట్టింపు లేకపోతే ఎవరైనా మీ యాప్ పేరుతో నకిలీ అప్‌డేట్ పంపి, మీ యాప్ లోపల దాచిన లాగిన్ టోకెన్లు, యూజర్ల డేటా అంతా చదివేసుకుంటారు. మిమ్మల్ని ఇవాళ ఇబ్బంది పెడుతున్నది, ఇన్నేళ్లూ మీ యూజర్లను కాపాడినది ఒకే నియమం.

ఇక మొదటి యాప్ ప్లే యాప్ సైనింగ్‌లో లేదనుకుందాం. ఇప్పుడు చేరదామంటే కుదరదు, చేరడానికే ఆ పాత కీని గూగుల్‌కు అప్పగించాలి. కాబట్టి వెతకాలి. వెతకడం గురించి నా అనుభవం ఒకటి చెప్తాను, మీకు నేరుగా పనికొస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న సంస్థ యాప్‌ను నేను చేతిలోకి తీసుకున్నాను. అంతకుముందు చేసిన డెవలపర్ మానేసి వెళ్లిపోయాడు. సోర్స్ కోడ్ ఇచ్చాడు గానీ కీస్టోర్ ఇవ్వలేదు, అడగాలని వాళ్లకూ తట్టలేదు. బిల్డ్ ఫైల్‌లో చూస్తే కీస్టోర్ 'డి' డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్‌లో ఉన్నట్టు దారి ఉంది. ఆ కంప్యూటర్ ఎప్పుడో అమ్మేశారు. మూడు రోజులు వెతికాక, బీరువాలో పడి ఉన్న ఒక పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఆ కంప్యూటర్ యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ దొరికింది. అందులో రెండు జేకేఎస్ ఫైళ్లు, అంటే కీస్టోర్లు. ఏది మనది? రెండింటి పాస్‌వర్డూ తెలియదు.

ఇక్కడ ఒక చిట్కా. పాత జేకేఎస్ ఫార్మాట్ ఫైల్‌ను కీటూల్‌తో లిస్ట్ చేస్తూ, పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే, ఒక హెచ్చరిక చూపించి లోపల ఉన్న అలియాస్ (కీకి పెట్టిన పేరు), సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్ (దాన్ని గుర్తుపట్టే పొడుగాటి కోడ్) చూపిస్తుంది. ప్రైవేట్ కీ మాత్రం చూపించదు. మరోవైపు, ఫోన్‌లో ఉన్న యాప్ ఏపీకే ఫైల్ (ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్) తీసి ఏపీకే సైనర్‌తో (యాప్ సంతకాన్ని సరిచూసే సాధనం) వెరిఫై చేయించి, సర్టిఫికెట్ వివరాలు ప్రింట్ చేయించాం. రెండు ఫింగర్‌ప్రింట్లను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తే రెండో ఫైల్ సరిపోయింది. ఇక పాస్‌వర్డ్ మిగిలింది. పాత ఆండ్రాయిడ్ స్టూడియో, మెనూ నుంచి సైన్ చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్‌ను గ్రేడిల్‌కు (యాప్‌ను బిల్డ్ చేసే సాధనం) పంపే వరుసను తన లాగ్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో రాసేసేది. ఆ బ్యాకప్‌లో స్టూడియో సెట్టింగుల ఫోల్డర్ కూడా కాపీ అయి ఉంది. లాగ్‌లో 'ఇంజెక్టెడ్ డాట్ సైనింగ్' అన్న మాట కోసం వెతికితే స్టోర్ పాస్‌వర్డ్, అలియాస్ పాస్‌వర్డ్ రెండూ దొరికాయి. ఆ సాయంత్రం టెస్ట్ ఫోన్‌లో పాత యాప్ మీద కొత్త బిల్డ్ ఎక్కించి, అది తప్పు చూపించకుండా ఇన్‌స్టాల్ అయ్యేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఆ యాప్‌ను ప్లే యాప్ సైనింగ్‌లో చేర్పించాను.

కాబట్టి మీరూ ఇలా వెతకండి: పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు, పెన్ డ్రైవ్‌లు, క్లౌడ్ ఫోల్డర్లు, మీకు మీరే పంపుకున్న మెయిళ్లు, క్లయింట్‌కు పంపిన జిప్ ఫైళ్లు, బిల్డ్ సర్వర్‌లో (యాప్‌ను తనంతట తానే బిల్డ్ చేసే కంప్యూటర్) దాచిన సీక్రెట్లు. పాస్‌వర్డ్ కోసం యూజర్ ఫోల్డర్‌లోని గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్, యాప్‌ను ఫ్లట్టర్‌తో రాసి ఉంటే కీ ప్రాపర్టీస్ ఫైల్ చూడండి. పాడైన హార్డ్ డిస్క్‌ను మాత్రం ఫార్మాట్ చేయకండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి ప్రయత్నించకండి. కీస్టోర్ రెండు మూడు కేబీల ఫైల్. డేటా రికవరీ వాళ్లకు ఇస్తే డిస్క్ మొత్తం రాకపోయినా ఆ ఒక్క ఫైల్ వచ్చే అవకాశం ఉంది, ఫలానా ఫైల్ కావాలని ముందే చెప్పండి.

ఎంత వెతికినా దొరక్కపోతే కొత్త ప్యాకేజీ పేరుతో కొత్త యాప్‌గా పెట్టాల్సిందే. డౌన్‌లోడ్ల సంఖ్య, రివ్యూలు రావు. కానీ పాత యాప్ స్టోర్ పేజీలోని వివరణను కీ లేకుండానే మార్చవచ్చు, అందులో కొత్త యాప్ గురించి రాయండి. పాత యాప్‌లో సర్వర్ నుంచి సందేశం చూపించే ఏర్పాటో, పుష్ నోటిఫికేషనో ఉంటే యూజర్లకు చెప్పడానికి అదే మీకు పెద్ద ఆసరా. వాళ్లు కదిలేదాకా పాత యాప్ సర్వర్‌ను ఆపకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఎలా దాచాలి అన్నది. నేను చూసినంతలో చాలామంది ఒక్క వైపే ఆలోచిస్తారు. పోతుందేమోనని భయపడేవాళ్లు కీస్టోర్‌ను గిట్‌లో, మెయిల్‌లో, వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. దొంగల చేతిలో పడుతుందేమోనని భయపడేవాళ్లు ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంచుకుంటారు. పోవడం, బయటపడడం రెండూ ప్రమాదాలే, ఒకదానికి మందు రెండోదాన్ని పెంచుతుంది. ఈ చిక్కును సగానికి సగం విప్పేది ప్లే యాప్ సైనింగే. పోతే తిరిగిరాని కీ గూగుల్ దగ్గర ఉంటుంది, రోజూ చేతులు మారే అప్‌లోడ్ కీ పోయినా బయటపడినా మార్చుకోవచ్చు. అసలు కీని ఇంకొకరికి అప్పగించడం ఇష్టం లేదనే వాళ్లు ఉన్నారు, ఆ అభ్యంతరం నాకు అర్థమవుతుంది. కానీ ఒంటరిగా, ఇద్దరు ముగ్గురుగా పనిచేసేవాళ్లకు నేను చేరమనే చెప్తాను.

అయినా మన దగ్గర ఉండే కీ ఉంటుంది కదా. నా పద్ధతి ఇది. కీస్టోర్ ఫైల్, పాస్‌వర్డ్ ఎప్పుడూ ఒకే చోట ఉండవు. పాస్‌వర్డ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో. ఫైల్ మూడు చోట్ల: నేను పనిచేసే యంత్రంలో, ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్ డ్రైవ్‌లో, ఎన్‌క్రిప్ట్ చేసిన క్లౌడ్ కాపీగా. నాకేదైనా అయితే తెరవగలిగే రెండో మనిషి ఒకరు ఉంటారు. క్లయింట్ యాప్ అయితే ఆ రెండో మనిషి క్లయింటే, ఎందుకంటే కీ ఆ యాప్ యజమానిది, నాది కాదు. పని అప్పగించే రోజు సోర్స్‌తో పాటు కీస్టోర్, పాస్‌వర్డ్ ఇచ్చి అందినట్టు రాతపూర్వకంగా తీసుకుంటాను.

దానితో పాటు ప్రతి కీకి ఒక చీటీ రాస్తాను: యాప్ పేరు, ప్యాకేజీ పేరు, అలియాస్, తయారు చేసిన తేదీ, గడువు, ఎస్‌హెచ్‌ఏ-256 ఫింగర్‌ప్రింట్, ఏయే బిల్డ్ సర్వర్లలో ఉంది. ఫింగర్‌ప్రింట్ రహస్యం కాదు, ఏపీకే ఉన్న ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి రాసుకోవడానికి జంకక్కర్లేదు. ఐదేళ్ల తర్వాత 'ఫైనల్ జేకేఎస్', 'ఫైనల్ కొత్తది జేకేఎస్' అని రెండు ఫైళ్లు ఎదురైనప్పుడు ఈ చీటీయే దారి చూపిస్తుంది.

బ్యాకప్ ఉందనుకోవడం కాదు, దాంతో సైన్ చేసి చూడాలి. ఆరు నెలలకోసారి నేను వేరే యంత్రంలో, బ్యాకప్ కాపీ నుంచి మాత్రమే రిలీజ్ బిల్డ్ చేసి, ఫింగర్‌ప్రింట్‌ను చీటీతో సరిచూస్తాను. కీస్టోర్ తెరుచుకుంది కదా అని వదిలేయకూడదు. పాత జేకేఎస్ ఫైళ్లలో స్టోర్ పాస్‌వర్డ్ వేరు, లోపలి కీ పాస్‌వర్డ్ వేరు ఉండవచ్చు. మొదటిది గుర్తుండి రెండోది మరిచిపోయినవాళ్లను చూశాను. జావా 9 నుంచి కీటూల్ మామూలుగా తయారు చేసేది పీకేసీఎస్12 ఫార్మాట్, అందులో రెండింటికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి ఆ బాధ లేదు.

కొత్త కీ చేసేటప్పుడు ఆర్‌ఎస్‌ఏ 2048 బిట్లు, గడువు 10000 రోజులు, అంటే 27 ఏళ్లకు పైగా పెట్టండి. ప్లే స్టోర్‌కు గడువు 2033 అక్టోబర్ 22 తర్వాతే ముగియాలి. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు, కోట్ గుర్తుల్లాంటివి వద్దు. మీ యంత్రంలో బాగానే ఉండి, బిల్డ్ సర్వర్ కమాండ్‌లోకి వెళ్లేసరికి వాటి అర్థం మారిపోయి 'పాస్‌వర్డ్ తప్పు' అంటుంది. వాటికి బదులు అక్షరాలు, అంకెలతోనే బాగా పొడుగ్గా పెట్టుకోండి.

ఈసారి రెండు యాప్‌లకూ ఒకే కీ వాడకండి. రేపు ఒక యాప్‌ను ఎవరికైనా అమ్మితే దాని కీ కూడా వాళ్లకు వెళ్తుంది. ఆ కీయే రెండోదానికీ ఉంటే, దానికి కూడా సంతకం పెట్టే శక్తి వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

బయటపడడం గురించి కూడా చెప్పాలి. ఒక టీమ్‌లో కీస్టోర్, పాస్‌వర్డ్ రెండూ పబ్లిక్ రెపోలోకి (ఎవరైనా చూడగల గిట్ ఫోల్డర్) వెళ్లాయి. చూసిన వెంటనే తర్వాతి కమిట్‌లో (గిట్‌లో నమోదయ్యే మార్పు) తీసేసి ఊపిరి పీల్చుకున్నారు. కానీ గిట్ చరిత్రలో పాత కమిట్ అలాగే ఉంటుంది, ఎవరైనా వెనక్కి వెళ్లి తీసుకోవచ్చు. ఒక్కసారి బయటికి వెళ్లిన కీని పోయిన కీగానే లెక్కేయాలి. అది అప్‌లోడ్ కీ కాబట్టి రీసెట్ చేయించాక గండం గడిచింది. అసలు కీ అయితే కథ వేరు. ఆండ్రాయిడ్ 9తో వచ్చిన మూడో వెర్షన్ సంతకంలో కీని మార్చే సదుపాయం ఉంది, పాత కీతోనే కొత్త కీకి వారసత్వం రాయించవచ్చు. కానీ అంతకంటే పాత ఫోన్లు పాత కీనే చూస్తాయి. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2022 చివర్లో కొన్ని ఫోన్ తయారీ సంస్థల ప్లాట్‌ఫామ్ సర్టిఫికెట్లతో సైన్ చేసిన మాల్వేర్ బయటపడింది. ఆ సర్టిఫికెట్‌తో సైన్ అయిన యాప్‌కు ఫోన్‌లో సిస్టమ్ స్థాయి అధికారాలు దొరకవచ్చు, అందుకే అంత కలకలం.

బిల్డ్ సర్వర్‌లో కీ పెట్టాల్సి వస్తే అప్‌లోడ్ కీ మాత్రమే పెట్టండి. కీస్టోర్‌ను బేస్64 చేసి (మామూలు అక్షరాల రూపంలోకి మార్చి) సీక్రెట్‌గా దాచి, బిల్డ్ సమయంలో మాత్రమే ఫైల్‌గా మార్చి, అయిపోగానే చెరిపేయించండి. మెయిన్ బ్రాంచ్ బిల్డ్‌లకు తప్ప మిగతావాటికి ఆ సీక్రెట్ అందకూడదు. డీబగ్ కీస్టోర్ (పరీక్షల కోసం ఆండ్రాయిడ్ స్టూడియో తానే చేసేది) విషయంలో ఇంత అక్కర్లేదు, దాని పాస్‌వర్డ్ 'ఆండ్రాయిడ్' అని అందరికీ తెలిసిందే. దాంతో సైన్ చేసినదాన్ని ప్లే స్టోర్ ఎలాగూ తీసుకోదు.

మీకు త్వరలోనే ఎదురయ్యే చిక్కు ఇంకోటి. గూగుల్ సైన్-ఇన్, మ్యాప్స్ లాంటివి ఎస్‌హెచ్‌ఏ-1 ఫింగర్‌ప్రింట్ చూసి పనిచేస్తాయి. ప్లే యాప్ సైనింగ్‌లో యూజర్ ఫోన్‌కు చేరే యాప్ మీద ఉండేది గూగుల్ దగ్గరున్న కీ సంతకం, మీ అప్‌లోడ్ కీది కాదు. నా మొదటి బండిల్ రిలీజ్‌లో నేను అప్‌లోడ్ కీ ఫింగర్‌ప్రింట్ ఒక్కటే ఫైర్‌బేస్‌లో (లాగిన్ లాంటివాటికి వాడే గూగుల్ సేవ) పెట్టాను. నా ఫోన్‌లో లాగిన్ చక్కగా అయింది, స్టోర్ నుంచి దించుకున్న ప్రతి ఒక్కరికీ ఎర్రర్ కోడ్ 10. కోడ్‌లో తప్పు ఉందేమోనని ఒక రాత్రంతా వెతికాను. యాప్ సైనింగ్ పేజీలోని రెండు ఫింగర్‌ప్రింట్లూ పెట్టగానే సరిపోయింది. మీరు అప్‌లోడ్ కీ మార్చినా అసలు కీ మారదు కాబట్టి యూజర్ల లాగిన్ ఆగదు. మీరు నేరుగా సైన్ చేసి ఫోన్లో వేసుకునే టెస్ట్ బిల్డ్‌ల కోసం మాత్రం కొత్త అప్‌లోడ్ కీ ఫింగర్‌ప్రింట్ చేర్చండి. యాప్ లింకులు (వెబ్ లింక్ నొక్కితే యాప్ తెరుచుకునే ఏర్పాటు) వాడుతుంటే వెబ్‌సైట్‌లో పెట్టే అసెట్ లింక్స్ ఫైల్‌లో ఉండాల్సిందీ అసలు కీ ఎస్‌హెచ్‌ఏ-256నే.

మీ సొంత సైట్‌లో కూడా ఏపీకే ఇస్తుంటే ఇదే లెక్క. రెండు చోట్లా సంతకం వేరైతే ఒకచోట తీసుకున్నవాళ్లు రెండోచోటి అప్‌డేట్ వేసుకోలేరు. ప్లే కన్సోల్ నుంచి సైన్ అయిన యూనివర్సల్ ఏపీకేను (అన్ని ఫోన్లకూ పనికొచ్చే ఒకే ఫైల్) దించుకుని సైట్‌లో పెట్టడం అన్నిటికంటే సులువు.

ఐఫోన్ గురించి మీరు అడగలేదు, అయినా రెండు ముక్కలు. అక్కడ కీ పోవడం ఇంత ప్రాణాంతకం కాదు. డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్‌కు ఏడాదే గడువు, పోతే రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు, యాప్ స్టోర్‌లో ఉన్న యాప్‌కు ఏమీ కాదు. ఎంటర్‌ప్రైజ్ పద్ధతిలో ఉద్యోగులకు పంచిన యాప్ మాత్రం సర్టిఫికెట్ రద్దవగానే తెరుచుకోదు. సర్టిఫికెట్ ఫైల్ ఒక్కటే పంపితే పక్కవాళ్లకు పనికిరాదు, ప్రైవేట్ కీతో కలిపి పీ12గా పంపాలి. పుష్ నోటిఫికేషన్ల పీ8 కీ ఒక్కసారే డౌన్‌లోడ్ అవుతుంది, దాన్ని అప్పుడే దాచుకోండి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది: రెండో యాప్‌కు ఇవాళే రీసెట్ కోరండి, మొదటి యాప్ సైనింగ్ పేజీ తెరిచి చూడండి. అక్కడ రెండు సర్టిఫికెట్లు కనిపించాయో లేదో చెప్పండి. కనిపించకపోతే, మీ దగ్గరున్న పాత డిస్కుల్లో ఏమేం దొరికాయో కూడా రాయండి, ఏ ఫైల్‌ను ఎలా సరిచూడాలో చెప్తాను.